మోదుగ రంగు ఆగస్టులో కావాలట. చెట్టు వెంట నడిస్తే వ్యాపారం నడుస్తుందా?

హనుమకొండ_అద్దకం

చెట్ల రంగులతో నూలు దుపట్టాలు అద్దుతాను. నేనూ, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళూ, ఇంటి వెనక ఒక రేకుల షెడ్డు, అంతే మా కంపెనీ. బెంగళూరులో ఒక షాపు వాళ్ళు మా మోదుగ పసుపు చూసి మనసు పడ్డారు. ఆగస్టు కల్లా 300 దుపట్టాలు కావాలి, అన్నీ అదే రంగు, ఒక్కదానికీ ఒక్కదానికీ తేడా రావద్దు అన్నారు. మోదుగ పూసేది శివరాత్రి నుంచి హోలీ దాటేదాకా. అప్పుడు ఏరి నీడన ఎండబెట్టుకున్న పూలు ఈ జూన్‌లో రెండు సంచులు మిగిలాయి, అవి ఏ మూలకూ చాలవు. లెక్కలు చూసే మా మరిది "కొంచెం కెమికల్ పసుపు కలుపు వదినా, ఎవరికి తెలుస్తుంది" అంటున్నాడు. నాకు మనసొప్పడం లేదు. కానీ కాదంటే ఇంత పెద్ద ఆర్డర్ మళ్ళీ ఎప్పుడొస్తుందో, షెడ్డు లోను కిస్తీ మాత్రం నెలనెలా వస్తుంది. చెట్టు ఇచ్చినప్పుడే చేస్తాను, ఇచ్చినంతే చేస్తాను అంటే దాన్ని వ్యాపారం అంటారా? ఇలాంటి పనిలో ఉన్నవాళ్ళు ఉంటే సూటిగా చెప్పండి.

లెక్కలపుస్తకం

సూటిగానే చెప్తాను. ఆర్డర్ వదలొద్దు. కెమికల్ కలిపితే కలిపినట్టు చెప్పి, ధర తగ్గించి అమ్మండి. చెప్పకుండా అమ్మితే మోసం, ఒక్క కొనుగోలుదారు ల్యాబ్‌లో పరీక్ష చేయించాడంటే మీ పేరు పోతుంది. ఇక చెట్టు ఇచ్చినప్పుడే చేస్తాను అంటారా, మంచిదే, కానీ బ్యాంకుకు రుతువులు ఉండవు. పన్నెండు నెలలూ డబ్బు వచ్చే దారి లేకపోతే అది ఇష్టంతో చేసే పనే తప్ప వ్యాపారం కాదు.

కాజీపేట_జంక్షన్

అక్కా, ముందు మరిదిని షెడ్డు బయట నిలబెట్టండి, మిగతాది తర్వాత చూద్దాం 😀

చీరలపెట్టె

నేను కొనేదాన్ని కాబట్టి కొనేవాళ్ళ వైపు నుంచి చెప్తున్నా. పుట్టిల్లు వరంగల్, ఉండేది హైదరాబాద్. చెట్ల రంగు అని చెప్పి అమ్మిన చీర రెండు ఉతుకులకు వెలిస్తే నాకు కోపం రాలేదు, ఎందుకంటే అమ్మినావిడ ముందే చెప్పింది, ఎండలో ఆరేయొద్దు, సబ్బు తక్కువ వాడండి అని. ఇంకో చోట చెట్ల రంగే అని ప్రమాణం చేసి అమ్మినది పదిసార్లు ఉతికినా రవ్వంత మారలేదు, దాని మీదే నాకు అనుమానం. రంగులో తేడా ఉంటే ఏమవుతుంది? ఈ పసుపు ఫలానా నెల పూలది అని ఒక చీటీ పెట్టండి. మాలాంటివాళ్ళం ఆ చీటీ కోసమే కొంటాం.

లెక్కలపుస్తకం

@చీరలపెట్టె మీలాంటివాళ్ళు ఎంతమంది ఉంటారమ్మా? షాపులో వరసగా పేర్చినప్పుడు ఒకటి లేత, ఒకటి ముదురు ఉంటే సేల్స్ పిల్లాడు "డ్యామేజ్" అని పక్కన పెట్టేస్తాడు. నేను చూశాను.

చెట్టుచేమ

కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. హనుమకొండ అమ్మా, మీ ప్రశ్నలో రెండు ప్రశ్నలు కలిసిపోయాయి. ఒకటి మోదుగ గురించి, రెండోది పసుపు గురించి. షాపు వాళ్ళకు కావలసింది పసుపు. దాన్ని మీరు మోదుగకు కట్టేశారు.

మన ఉత్తర తెలంగాణలో పసుపు రంగు ఏడాదంతా ఏదో ఒక చెట్టు ఇస్తూనే ఉంటుంది. ఫాల్గుణంలో మోదుగ. ఆశ్వయుజంలో తంగేడు, బంతి, బతుకమ్మ వేళకు ఊరంతా పసుపే. దానిమ్మ తొక్క జ్యూస్ బండ్ల దగ్గర ఎప్పుడూ పారేస్తారు. ఉల్లి పొట్టు కూరగాయల మార్కెట్‌లో ఊరికే ఊడ్చేస్తారు. కరక్కాయ అయితే ఆయుర్వేదం కొట్లో ఎప్పుడైనా దొరుకుతుంది, అది వట్టి రంగు కాదు, నూలుకు రంగు పట్టించేదే అది. దాంట్లోని వగరు నూలుకు పట్టుకుంటుంది, ఆ వగరును పటిక పట్టుకుంటుంది, పటికను రంగు పట్టుకుంటుంది. ఇది మీకు తెలిసిందే, చదివే మిగతావాళ్ళ కోసం రాస్తున్నాను.

ఈ పసుపులు ఒక్కటి కావు. మోదుగది నారింజ వైపు మొగ్గుతుంది. దానిమ్మది కాస్త ఆకుపచ్చ కలిసిన పసుపు. బంతిది చిక్కగా ఉంటుంది, మోదుగ కన్నా ఎండకు బాగా నిలుస్తుంది కూడా. కాబట్టి మీరు అమ్మాల్సింది "మోదుగ పసుపు 300" కాదు. ఏ నెలలో ఏ పసుపు అనేది మీ వ్యాపారానికి క్యాలెండర్ కావాలి. చెట్టును మీ ఆర్డర్ పుస్తకంలో ఇరికించబోతే చెట్టూ పోతుంది, మీరూ పోతారు.

నిజామాబాద్_పోరడు

మా దగ్గర పసుపు కొమ్ములు లారీల కొద్దీ ఉంటాయి కదా. జాతీయ పసుపు బోర్డు కూడా మా దగ్గరే. పసుపు రంగుకు పసుపే వాడరెందుకు?

హనుమకొండ_అద్దకం

@నిజామాబాద్_పోరడు తమ్మీ, మొదట అందరూ అదే అడుగుతారు. పసుపు కొమ్ము రంగు చూడగానే అదిరిపోతుంది, ఎండ తగిలితే కొద్దిరోజుల్లోనే పాలిపోతుంది. పైగా సబ్బు తగిలితే ఎర్రబడుతుంది. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రగా అవుతుంది చూడు, అదే పని బట్ట మీద సబ్బు చేస్తుంది.

నిజామాబాద్_పోరడు

అరె, పెళ్ళిలో పారాణి చూసినా ఎప్పుడూ ఇట్లా ఆలోచించలేదు.

కొత్తవాడమగ్గం

అందరూ కెమికల్ అనగానే పాపం అన్నట్టు మాట్లాడుతున్నారు, ఒక మాట చెప్పాలి. మాది దరీలు నేసే ఇల్లు. మా కొత్తవాడలో నేసే వరంగల్ దరీలకు 2018లో జీఐ గుర్తింపు, అంటే ఇది ఈ ఊరి సరుకే అనే ముద్ర, వచ్చింది. అవి రంగుల నూలుతోనే నేస్తాం, ఆ రంగులు కెమికల్ రంగులే. దరీ అంటే నేల మీద పరిచేది, తొక్కేది, దులిపేది, ఎండలో వేసేది. మోదుగ పువ్వు రంగు దాని మీద వేస్తే ఏడాది తిరిగేలోపు తెల్లబడుతుంది, కొన్నవాడు మళ్ళీ మా గడప తొక్కడు. అజో అనే రకం కెమికల్ రంగుల్లో ప్రమాదకరమైన కొన్నింటిని మన దేశంలో 1997లోనే నిషేధించారు, ఆ జాబితాలో లేనివి చూసి తెచ్చుకుంటే చాలు.

ఇంకోటి. చెట్ల రంగు అనగానే పర్యావరణానికి మంచిది అనుకోవద్దు. మీటరు బట్ట అద్దడానికి ఎన్ని నీళ్ళు పోస్తున్నారు? కాగు కింద ఏ కట్టె పెడుతున్నారు? పువ్వు కోసం చెట్టు దగ్గరికి పోయి, దాన్ని ఉడకబెట్టడానికి ఇంకో చెట్టు కొడితే అదేం ప్రకృతి అక్కా?

కాజీపేట_జంక్షన్

మగ్గం అన్న గట్టిగా తగిలించిండు.

హనుమకొండ_అద్దకం

@కొత్తవాడమగ్గం మంచి ప్రశ్న అన్నా, ఎవరూ అడగరు ఇది. పొయ్యి కింద మేము పత్తి కట్టె పెడతాం. పత్తి ఏరడం అయ్యాక చేనులో ఎలాగూ కాలబెట్టేస్తారు, ట్రాక్టరు కిరాయి ఇచ్చి తెచ్చుకుంటాం. మోదుగ పూలకు అసలు పెద్ద మంట అక్కర్లేదు, ఎండాకాలంలో స్టీలు గంగాళంలో నీళ్ళు పోసి పూలు వేసి ఎండలో పెడితే సాయంత్రానికి రంగు దిగుతుంది. వేరే పాత్ర వాడను, ఇనుము తగిలితే పసుపు మసకబారుతుంది, రాగి తగిలినా మారుతుంది.

నీళ్ళ సంగతి మాత్రం నిజం. మా బోరు నీళ్ళు చవుడు, దాంతో అద్దితే రంగు ఎప్పుడూ ఒకలా రాదు. అందుకే వానాకాలం రేకుల మీద పడిన నీళ్ళు డ్రమ్ముల్లో పడతాం. మా అద్దకం లెక్క చెట్టుతో మొదలవుతుంది అనుకునేదాన్ని, వానతో మొదలవుతుంది.

చెరువుగట్టు

వాడిన నీళ్ళు ఎటు పోతున్నాయి? అది ఎవరూ చెప్పలేదు.

నేను ఊరికే అడగడం లేదు. మన దగ్గర చెరువులు కాకతీయుల కాలం నుంచి గొలుసుకట్టు. పై చెరువు నిండితే అలుగు పోసి కింది చెరువులోకి పోతుంది. మీ వీధి మోరీలో పోసినది మీతో ఆగదు, కింద ఎవరి పొలంలోనో తేలుతుంది. సృజనాత్మక వ్యాపారం, ప్రకృతితో అనుబంధం, ఈ మాటలన్నీ వినడానికి బాగుంటాయి. నాకైతే ఒక్కటే పరీక్ష, మీ అద్దకం నీళ్ళు మీ ఇంటి అరటి చెట్టుకు పోయగలరా లేదా?

హనుమకొండ_అద్దకం

@చెరువుగట్టు పూల నీళ్ళు, కరక్కాయ నీళ్ళు చల్లారాక మొక్కలకే పోస్తాం, పిప్పి ఎరువు గుంతలోకి పోతుంది. పటిక నీళ్ళను ఒక్కసారి వాడి పారబోయం, దాంట్లోనే ఇంకొంచెం పటిక కలిపి మళ్ళీ వాడతాం. చివరికి పారబోసేటప్పుడు ఏం చేయాలన్నది నాకూ సందేహమే.

చెట్టుచేమ

సున్నం కలపండి. పటిక నీళ్ళు పులుపు, సున్నం ఆ పులుపును విరగ్గొడుతుంది, పటికలోని అల్యూమినియం తెల్లటి మడ్డిలా అడుగుకు దిగుతుంది. పైన తేరిన నీళ్ళు వంపుకోవచ్చు. ఒక్క మాట, మయిలుతుత్తం (కాపర్ సల్ఫేట్) మాత్రం వాడకండి. రంగు బాగా నిలుస్తుందని కొందరు వేస్తారు. అది చేపకు విషం.

ములుగుపిల్ల

నాది వేరే బాధ. మా వైపు మోదుగ మస్తు ఉంటది. ఈ చెట్ల రంగుల ఫ్యాషన్ వచ్చినప్పటి నుంచి పట్నం నుంచి బండ్లు వేసుకుని వస్తున్నారు, కొమ్మలు విరిచి పువ్వు దూసుకుని పోతున్నారు. మా అవ్వ ఎప్పుడూ కొమ్మ మీది పువ్వు ముట్టదు. తెల్లారేసరికి చెట్టు కింద ఎర్రగా దుప్పటి పరిచినట్టు రాలి ఉంటది, ఎండెక్కక ముందే అది ఏరుకోవాలి, ఎండెక్కితే వాడి నల్లబడుతుంది. కొమ్మ మీది పువ్వు తేనెపిట్టలది, గోరింకలది, చిలుకలది. అది దూసేస్తే కాయ పట్టదు, కాయ లేకపోతే విత్తనం లేదు. ఆకు కూడా అంతే, విస్తరాకు కోసం కోసేటప్పుడు లేత చిగురు వదిలేస్తం.

పాకాల, ఏటూరునాగారం రెండూ అభయారణ్యాలు. అక్కడి నుంచి పర్మిషన్ లేకుండా ఏదీ తేవద్దు. అడవి ఫలసాయం ఏరుకునే హక్కు 2006 అటవీ హక్కుల చట్టం అడవి మీద బతికే మాలాంటివాళ్ళకు ఇచ్చింది, సంచీ పట్టుకుని వచ్చిన ప్రతివాళ్ళకూ కాదు. పువ్వు కావాలంటే మా దగ్గర కొనండి, ధర మంచిగ ఇయ్యండి.

హనుమకొండ_అద్దకం

@ములుగుపిల్ల చెల్లె, మేము పొలం గట్ల మీదివి ఏరుకుంటాం, రైతును అడిగే. కానీ నువ్వు చెప్పినట్టు రాలినవే ఏరే మనుషులు ఉంటే వచ్చే ఏడాదికి ఇప్పుడే మాట్లాడుకుందాం. చిన్న అడ్వాన్సు కూడా ఇస్తాను.

లెక్కలపుస్తకం

ఇదిగో, ఇది వ్యాపారం. ముడిసరుకుకు ముందే అడ్వాన్సు ఇస్తున్నారంటే, దుపట్టాలకు ముందే అడ్వాన్సు మీరు కూడా అడగొచ్చు. బెంగళూరు వాళ్ళను అడగండి, మోదుగ కావాలంటే ఫిబ్రవరిలో డబ్బు కట్టమనండి.

నకాశిమనవరాలు

మాది చేర్యాల. తాతగారి కాలం నుంచి పటాలు, అంటే గుడ్డ మీద బొమ్మలు, వేసే ఇల్లు. ఇక్కడ అందరూ రంగు గురించే మాట్లాడుతున్నారు, మా ఇంట్లో ఏడాదిని నడిపేది రంగు కాదు, ఎండ.

పటం గుడ్డ తయారవడం చూడాలి మీరు. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, ఉడికించిన చింతగింజల పిండి, బంక నీళ్ళు కలిపి పూత పెడతారు. ఒక పూత ఆరాక ఇంకో పూత. ఆరిన గుడ్డ వేలితో తడితే డప్పులా టక్ అనాలి, అప్పుడు దాని మీద గీత కదలకుండా నిలుస్తుంది. వానాకాలంలో ఆ పూత ఆరదు, చింతపిండికి బూజు పడుతుంది. అందుకని మా ఇంట్లో పూతలన్నీ ఎండాకాలంలోనే పెట్టి గుడ్డలు చుట్టి పెట్టుకుంటారు, ముసురు పట్టాక లోపల కూర్చుని బొమ్మలు వేస్తారు. చింతపండు వలిచే రోజుల్లో గింజలు ఊరంతా ఊరికే ఇచ్చేస్తారు, రంపపు పొట్టు వడ్రంగి దగ్గర దొరుకుతుంది, ఆ రెండూ కలిపితే మేము చేసే బొమ్మ ముఖాల మాస్కులు. ఊళ్ళో వద్దని పారేసేదే మాకు ముడిసరుకు.

ఇదివరకు రంగులు కూడా ఇంట్లోనే, దీపం మసి నలుపు, శంఖం పొడి తెలుపు, ఇంగిలీకం ఎరుపు. ఇప్పుడు డబ్బా రంగులు వచ్చేశాయి, మా ఇంట్లో కూడా రెండూ వాడతారు, దాచేదేం లేదు. కొనేవాళ్ళు అడిగితే ఏది దేనితో వేశామో చెప్తాం, ధర కూడా వేరు. @హనుమకొండ_అద్దకం అక్కా, మీరు కెమికల్ వేసినా వేయకపోయినా నాకు అభ్యంతరం లేదు, కలిపి దాచడం మాత్రం వద్దు. ఒక్కరు అబద్ధమాడితే ఆ బురద నిజంగా చెట్ల రంగు వేసే అందరి మీదా పడుతుంది.

ఆదిలాబాదీ

చేర్యాల చెల్లె చింతగింజల గురించి చెప్తే నాకు నిర్మల్ బొమ్మలు గుర్తొచ్చాయి, అక్కడ కూడా ముక్కలు అతకడానికి చింతగింజల పిండి, రంపపు పొట్టే. కానీ నిర్మల్‌లో అసలు కథ పొనికి కర్ర. తేలిక, మెత్తన, ఉలికి వెన్నలా లొంగుతుంది. అడవిలో కొట్టినంత కొట్టారు, నాటినవాళ్ళు తక్కువ, ఇప్పుడు ఆ కర్ర కోసమే కటకట. చేతిలో పని ఉంది, పేరు ఉంది, కొనేవాళ్ళు ఉన్నారు, చెట్టు లేదు. మోదుగ వాళ్ళూ, వెదురు వాళ్ళూ, అందరూ ఒకసారి నిర్మల్ వెళ్ళి ఇది చూసి రావాలి.

ఇంకో ముచ్చట. మా ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా డోక్రా ఇత్తడి బొమ్మలు, ఉషేగాం వైపు ఓజు కళాకారులు చేసేవి. తేనెమైనంతో బొమ్మ చేసి, మట్టి పొదిగి, కాల్చి, మైనం కరిగిపోయిన ఖాళీలో ఇత్తడి పోస్తారు. బొమ్మ బయటికి తీయాలంటే మట్టి అచ్చు పగలగొట్టాల్సిందే. అందుకని రెండు బొమ్మలు ఒక్కలా రానే రావు. అది లోపం అని ఎవరూ అనరు, అందుకే కొంటారు. అక్క 300 దుపట్టాల్లో తేడా ఉంటుంది అని భయపడుతోంది, ఆ తేడానే ముందు పెట్టి అమ్మాలి అంటాను.

లెక్కలపుస్తకం

@ఆదిలాబాదీ అన్నా, బొమ్మ వేరు, దుపట్టా వేరు. బొమ్మ ఒక్కటే కొంటారు. షాపువాడు దుపట్టాలు వంద కొంటాడు.

ఆదిలాబాదీ

అయితే ఆ షాపువాడు మన మనిషి కాదు. అందరికీ అమ్మాలని ఎక్కడుంది?

లెక్కలపుస్తకం

కిస్తీ కట్టేది నువ్వైతే అట్లనే అందాం అన్నా.

కాజీపేట_జంక్షన్

లెక్కలన్న బతుకమ్మ పేర్చేటప్పుడు కూడా గునుగు పూలకు బిల్లు అడిగేటట్టు ఉన్నాడు 😀

చీరలపెట్టె

బతుకమ్మ అంటే గుర్తొచ్చింది. నిమజ్జనం అయ్యాక గట్టు మీద అంత బంతి, తంగేడు కుళ్ళిపోతుంది కదా, అది రంగుకు పనికిరాదా?

హనుమకొండ_అద్దకం

పనికొస్తుంది, కానీ గౌరమ్మను సాగనంపిన పూలు తీసి కాగులో వేయడానికి నాకు చేతులు రావు. సద్దుల బతుకమ్మ తెల్లారి పూల మార్కెట్‌లో అమ్ముడుపోక మిగిలిన బంతి తెచ్చుకుంటాం. దసరా దాకా రెండు మూడు రోజులు మార్కెట్‌లో అదే పని. రేకలు దూసి ఎండబెట్టుకుంటే మళ్ళీ మోదుగ వచ్చేదాకా సరిపోతాయి.

మేదరిబుట్ట

వెదురు మాట ఎవరో అన్నారు కాబట్టి. మేము వానాకాలంలో వెదురు కొట్టం, అప్పుడే కొత్త పిలకలు లేస్తాయి. చలికాలంలో ముదురు బొంగు మాత్రమే కొట్టాలి, లేతది కొడితే దాంట్లో తీపి ఎక్కువ ఉండి పురుగు పట్టి పిండి రాలుతుంది. పొదకు మంచిదీ బుట్టకు మంచిదీ ఒకటే. 2017లో చట్టం మార్చాక అడవి బయట పెంచిన వెదురుకు చెట్టు కింద లెక్క పోయింది, కొట్టడానికి అడవి శాఖ చుట్టూ తిరగక్కర్లేదు. నేను గట్టు మీద నాటుకున్నాను. ముడిసరుకు మన గట్టు మీద ఉంటే ఎంత ధైర్యంగా ఉంటదో చెప్పలేను.

హనుమకొండ_అద్దకం

షాపు వాళ్ళతో మాట్లాడాను. ఉన్న సంగతి చెప్పేశాను, మోదుగ ఇప్పుడు లేదు, ఉన్న పూలతో అయినన్ని చేస్తాను, మిగతావి దానిమ్మ, కరక్కాయ పసుపుల్లో ఇస్తాను, బంతివి దసరా తర్వాత అని. బట్ట ముక్కలు అద్ది, ఫొటోలు కాదు, ఆ ముక్కలే కొరియర్ చేశాను. 300 అనుకున్నది సగానికి తగ్గింది. కొంచెం బాధగానే ఉంది. కానీ ఆ సగానికి అడ్వాన్సు ఇచ్చారు, మోదుగవి వచ్చే మార్చికి విడిగా రాసుకున్నారు. చీటీ మాటను మాత్రం వాళ్ళే అడిగి తీసుకున్నారు, ఏ పువ్వు, ఏ నెల, ఎలా ఉతకాలి అన్నీ తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ అచ్చు వేయమన్నారు. మా మరిది ఆ చీటీలు వేయించే పని మీద ఉన్నాడు.

లెక్కలపుస్తకం

సగం ఆర్డర్‌కు అడ్వాన్సు అంటే మొత్తం ఆర్డర్ అప్పు మీద ఇచ్చినదాని కన్నా నయమే. ఒప్పుకుంటున్నా. వానాకాలం మూడు నెలలు ఏం చేస్తారో అది కూడా చూసుకోండి, బట్ట ఆరదు కదా.

హనుమకొండ_అద్దకం

నీలి తొట్టి పెడుతున్నాను అన్నా. సున్నం, బెల్లం, తంటెం (తగిరిస) గింజలతో పులియబెట్టేది. అది వెచ్చగా ఉన్నప్పుడు బాగా పులుస్తుంది, చలికాలంలోనే మొండికేస్తుంది. నీలికి కరక్కాయా పటికా అక్కర్లేదు, ముంచి గాలికి పెడితే కళ్ళ ముందే ఆకుపచ్చ నుంచి నీలంగా తిరుగుతుంది. ఆరడానికి షెడ్డులో ఫ్యాన్లు ఉన్నాయి. జూలై, ఆగస్టుల్లో ఈ పసుపు ఆర్డర్ పోను మిగతాదంతా నీలమే.

నకాశిమనవరాలు

అక్కా, తొట్టి నడిచాక చెప్పండి, చూడటానికి వస్తాను. పటాలకు నీలం ఇంట్లో తయారైతే బాగుండు అని ఎప్పటి నుంచో ఉంది.

ఆదిలాబాదీ

@చెట్టుచేమ సార్, పొనికి విత్తనం మొలకెత్తించడం మీకు తెలుసా? మా చేను గట్టు మీద కొన్ని పెడదామని.

చెట్టుచేమ

పొనికి విత్తనం గట్టిది, వేసిన వెంటనే లేవదు, ఓపిక పట్టాలి. రాతినేల, గుట్ట వాలు దానికి ఇష్టం, నీళ్ళు నిలిచే చోట పెట్టకు. అడవి శాఖ నర్సరీలో ముందు అడుగు, మొక్కే దొరికితే అదే మేలు. బొమ్మకు పనికొచ్చే మానుగా ఎదగాలంటే ఏళ్ళు పడుతుంది బాబూ, నీ పిల్లలకు అనుకుని పెట్టు.

ఆదిలాబాదీ

పెడతాను సార్. వానలు పడుతున్నాయి, ఈ వారమే వెళ్ళి అడుగుతాను.

ములుగుపిల్ల

@హనుమకొండ_అద్దకం అక్కా, మా వాడలో మాట్లాడిన. రాలిన పువ్వే ఏరి నీడన ఎండబెట్టి ఇస్తమంటున్నరు, కిలో లెక్కన. ఎండిన పువ్వు తూకం మస్తు తేలిక, పచ్చి పువ్వు ధర మాట్లాడి ఎండు పువ్వు తీసుకుంటమంటే కుదరదు. అది ముందే తేల్చుకోండి.

హనుమకొండ_అద్దకం

ఎండు పువ్వుకే ధర. ఎంత అన్నది మీరే చెప్పండి, నేను ఆదివారం వస్తాను, వాళ్ళ ముందే కూర్చుని రాసుకుందాం.